ప్రశ్నలు అడిగే టూల్స్‌కు స్క్రిప్టు రాయడం ఎలా: డేటాబేస్ నిర్వాహకుల కోసం

రాత్రి పదకొండు గంటలకు ఒక డేటా సవరణ స్క్రిప్టును టెర్మినల్‌లో మొదలుపెట్టి నిద్రపోయాను. మూడు గంటల పని. పొద్దున్నే చూస్తే మొదటి నిమిషంలోనే ఆగిపోయి ఉంది. ఎర్రర్ ఏదీ లేదు. డేటాలో ఒకచోట ఒక సంస్థ పేరు మధ్యలో & గుర్తు వచ్చింది. దాన్ని చూసి టూల్ 'దీనికి విలువ ఇవ్వండి' అని అడిగింది. ఎవరిని? పక్క గదిలో నిద్రపోతున్న నన్ను. అలా అడగకుండా చేసే లైను ఒకటుంది. దాన్ని రాయడం మరిచిపోయింది నేనే.

డేటాబేస్ నిర్వహణలో వాడే కమాండ్ లైన్ టూల్స్ చాలావరకు ఎదురుగా మనిషి కూర్చుని ఉంటాడన్న నమ్మకంతో పుట్టినవే. పాస్‌వర్డు అడుగుతాయి, 'నిజంగానే తీసేయమంటారా' అంటాయి, ఫలితం పొడవైతే ఒక పేజీ చూపించి ఆగుతాయి. వాటిని స్క్రిప్టులో పెట్టాలంటే రెండు పనులు రావాలి. అక్కరలేని ప్రశ్నను అసలు పుట్టకుండా చేయడం ఒకటి. అడిగి తీరవలసిన చోట మన స్క్రిప్టే గట్టిగా అడిగేలా రాయడం రెండోది. చాలామంది ఈ రెండూ వదిలేసి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పే యంత్రాన్ని తయారుచేస్తారు. అది వేరే దారి లేనప్పటి మాట. అందుకే ఇక్కడ కూడా కాస్త ఆలస్యంగానే వస్తుంది.

కమాండ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలే వాడండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నచోట ఏది వాడాలో చెబుతాను.

ముందు ప్రశ్నలు ఏరుకోండి

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు ఆ పనిని ఒక్కసారి చేత్తో చేయండి, పరీక్ష సర్వరు మీదే. లినక్స్‌లో 'స్క్రిప్ట్' అనే కమాండే ఒకటుంది. దాన్ని మొదలుపెట్టి పని చేసుకుపోతే తెర మీద కనబడిందంతా ఒక ఫైలులోకి చేరుతుంది. తర్వాత ఆ ఫైలు తెరిచి, టూల్ మీకోసం ఆగిన ప్రతి చోటునూ గుర్తు పెట్టుకోండి. ఒక్కో చోట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇక్కడ మనిషి నిజంగా ఆలోచించి జవాబు చెప్పాడా, లేక రోజూ ఇచ్చే జవాబే మళ్లీ ఇచ్చాడా? రోజూ ఒకే జవాబైతే అది ప్రశ్న కాదు, ఆప్షన్. ఆ టూల్ మాన్యువల్లో దానికి తగిన ఆప్షన్ ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆప్షన్లన్నీ పెట్టాక టూల్ ఇన్‌పుట్‌ను డెవ్ నల్ (ఎప్పుడు చదివినా ఖాళీగా ఉండే ఫైలు) వైపు తిప్పి మళ్లీ నడపండి. ఇంకా ఏ ప్రశ్న మిగిలినా దానికి జవాబుగా ఖాళీ ముగింపు దొరుకుతుంది. టూల్ రాత్రంతా ఎదురుచూడకుండా అక్కడికక్కడే ఏదో ఒకటి చేసి బయటపడుతుంది. పాస్‌వర్డుల సంగతి మాత్రం వేరు. పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ క్లయింటు), మైఎస్‌క్యూఎల్ లాంటివి పాస్‌వర్డును మామూలు ఇన్‌పుట్ నుంచి కాక నేరుగా టెర్మినల్ నుంచి, అంటే డెవ్ టీటీవై నుంచి చదువుతాయి. 'ఎకోతో పాస్‌వర్డు పైపులో పంపాను, అయినా అడుగుతోంది' అని తల పట్టుకునేవారి సమస్య ఇదే.

యూనిక్స్‌లో 'యెస్' అనే కమాండ్ ఉంది. ఆపేదాకా 'వై', 'వై' అని అచ్చు వేస్తూనే ఉంటుంది. దాన్ని పైపులో పెట్టి ప్రశ్నలన్నిటికీ అవుననిపించవచ్చు. డేటాబేస్ ఉన్న మెషీన్ మీద మాత్రం నేను దాన్ని ముట్టుకోను. పాత ప్రశ్నలకూ అది అవునంటుంది, వచ్చే ఏడాది కొత్త వెర్షన్‌లో చేరే ప్రశ్నకూ అవునంటుంది.

అడగడంలో టూల్స్ మధ్య పోలికేమీ ఉండదు. మైఎస్‌క్యూఎల్‌ అడ్మిన్‌తో డేటాబేస్ తీసేయబోతే అడుగుతుంది. ఫోర్స్ ఆప్షన్ ఇస్తేనే ఊరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ వారి డ్రాప్‌డీబీ అడగదు, చెప్పిన వెంటనే తీసేస్తుంది. అడగాలంటే మనమే ఇంటరాక్టివ్ ఆప్షన్ ఇవ్వాలి. రెండు డేటాబేస్‌లతోనూ పనిచేసేవారు ఒకదాని అలవాటును రెండోదాని దగ్గరకు తీసుకెళ్లకూడదు.

క్లయింట్లను స్క్రిప్టుకు లొంగదీయడం

పీఎస్‌క్యూఎల్‌లో చెప్పుకోవలసింది ఎక్కువ. స్క్రిప్టు నుంచి పిలిచినప్పుడల్లా మూడు ఆప్షన్లు పెడతాను. పెద్ద ఎక్స్ పెడితే సొంత సెట్టింగుల ఫైలును చదవదు. అది లేకపోతే, మీ ఫైలులో ఫలితాల రూపం మార్చే లైను ఏదైనా ఉన్నప్పుడు స్క్రిప్టు మీ దగ్గర ఒకలా, పక్క సీటులో మరోలా నడుస్తుంది. చిన్న డబ్ల్యూ పెడితే పాస్‌వర్డు ఎప్పటికీ అడగదు. కావలసిన పాస్‌వర్డు దొరకకపోతే వెంటనే విఫలమవుతుంది, మనకు కావలసిందీ అదే. మూడోది చిన్న వీతో ఆన్_ఎర్రర్_స్టాప్=1.

ఈ మూడోదాన్ని మరిచిపోతే ఏమవుతుందో చూడండి. ఇరవై కమాండ్లున్న ఫైలు ఇచ్చారు. మూడోది విఫలమైంది. పీఎస్‌క్యూఎల్ ఎర్రర్ అచ్చు వేసి, మిగిలిన పదిహేడూ నడిపి, చివరికి 0 ఎగ్జిట్ కోడ్‌తో (టూల్ ముగుస్తూ షెల్‌కు ఇచ్చే సంఖ్య, సున్నా అంటే సఫలం) ముగుస్తుంది. షెల్ దృష్టిలో అంతా సవ్యంగా జరిగినట్టే. మూడో కమాండ్ కొత్త టేబుల్‌లోకి డేటా నకలు చేసేదీ, నాలుగోది పాత టేబుల్‌ను తీసేసేదీ అయితే మిగతా కథ మీరే ఊహించుకోగలరు. ఆన్_ఎర్రర్_స్టాప్ పెట్టాక ఎస్‌క్యూఎల్ ఎర్రర్ వస్తే కోడ్ 3. కనెక్షన్ తెగిపోతే 2. ఫైలు దొరకకపోవడం వంటి సొంత చిక్కులకు 1. ఈ మూడింటినీ విడివిడిగా పట్టుకుంటే మళ్లీ ప్రయత్నించాలా, ఆపి మనిషిని పిలవాలా అన్నది స్క్రిప్టే తేల్చుకోగలదు.

ఫలితాన్ని షెల్ వేరియబుల్‌లోకి తీసుకోవాలంటే పెద్ద ఏ, చిన్న టీ కలిపి ఇవ్వండి. గీతలు, శీర్షికలు పోయి విలువలు మాత్రమే వస్తాయి. లోపలికి విలువలు పంపాలంటే షెల్‌లో మాటలు అతికించి ఎస్‌క్యూఎల్ తయారుచేయకండి. చిన్న వీతో వేరియబుల్ ఇచ్చి, లోపల :'పేరు' అని రాస్తే కొటేషన్ గుర్తులు, ఎస్కేప్ గుర్తులు అన్నీ పీఎస్‌క్యూఎల్ చూసుకుంటుంది. టేబుల్ పేరు వంటివైతే :"పేరు" అని జంట కొటేషన్ గుర్తులలో. ఒక్క చిక్కు: చిన్న సీతో ఇచ్చే కమాండ్‌లో ఈ మార్పిడి జరగదు. ఫైలుగా గానీ ఇన్‌పుట్‌గా గానీ ఇవ్వాలి.

మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఈ విషయంలో కాస్త బుద్ధిమంతురాలు. ఇన్‌పుట్ టెర్మినల్ కాకపోతే తనంతట తనే బ్యాచ్ పద్ధతికి మారి, మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది. పెద్ద ఎన్ ఇస్తే కాలమ్ పేర్లు రావు. అయితే ఆగడం వేరు, వెనక్కి తీసుకోవడం వేరు. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ప్రతి కమాండూ అప్పటిదాకా ఉన్న ట్రాన్సాక్షన్‌ను (ఒకే మూటగా జరగవలసిన మార్పులను) చెప్పకుండా కమిట్ చేసేస్తుంది, అంటే ఖాయం చేసేస్తుంది. కాబట్టి సగంలో ఆగిన ఫైలును మళ్లీ మొదటి నుంచి నడిపినా ఇబ్బంది లేనట్టుగా రాసుకోవాలి. చేత్తో చేసే పనులకు సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్ పెట్టుకోండి. షరతులో కీ కాలమ్ గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను అది ఒప్పుకోదు. ఈ ఆప్షన్‌కు 'ఐ యామ్ ఎ డమ్మీ' అని ఇంకో పేరు కూడా ఉంది. పేరు చూసి నామోషీ పడనక్కర లేదు.

ఇక ఆరకిల్ వారి ఎస్‌క్యూఎల్‌ప్లస్. మొదటి లైను 'సెట్ డిఫైన్ ఆఫ్'. & గుర్తు చూసి విలువ అడగడాన్ని ఆపేది ఇదే. రెండో లైనుగా 'వెనెవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ ఎగ్జిట్...' అని అందరూ రాస్తారు. ఆ తర్వాత ఏమి రాస్తారన్న దగ్గరే రెండు గోతులున్నాయి.

చాలా నమూనా స్క్రిప్టులలో అక్కడ 'ఎస్‌క్యూఎల్.ఎస్‌క్యూఎల్‌కోడ్' ఉంటుంది, అంటే ఎర్రర్ నంబరునే ఎగ్జిట్ కోడ్‌గా ఇవ్వమని. యూనిక్స్‌లో ఎగ్జిట్ కోడ్‌కు ఉన్న చోటు 0 నుంచి 255 వరకే. అంతకంటే పెద్ద నంబరును 256తో భాగిస్తే మిగిలే శేషమే షెల్‌కు చేరుతుంది. ఇప్పుడు టేబుల్‌స్పేస్‌లో మీకిచ్చిన కోటా నిండిపోయిందని చెప్పే ఎర్రర్‌ను తీసుకోండి. దాని నంబరు 1536. అది సరిగ్గా ఆరు 256లు. శేషం సున్నా. చోటు చాలక పని ఆగిపోయినా షెల్‌కు అందే వార్త 'అంతా క్షేమం'. అందుకే అక్కడ 'ఎగ్జిట్ ఫెయిల్యూర్' అని రాయండి. రెండో గొయ్యి ఇంకా లోతు: ఏమీ చెప్పకపోతే ఈ ఎగ్జిట్, బయటికి వెళ్తూ వెళ్తూ అప్పటిదాకా చేసిన మార్పులను కమిట్ చేసి వెళ్తుంది. కాబట్టి పూర్తి వాక్యం 'వెనెవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్ రోల్‌బ్యాక్', అంటే మార్పులను వెనక్కి తీసుకుని వెళ్లమని. పిలిచేటప్పుడు చిన్నదో పెద్దదో ఎస్ ఇస్తే ఆర్భాటం తగ్గుతుంది, ఎల్ ఇస్తే లాగిన్ ఒక్కసారే ప్రయత్నించి ఊరుకుంటుంది. ఫైలు చివర 'ఎగ్జిట్' లేకపోతే ప్రాంప్టు దగ్గర కూర్చుండిపోతుంది, దాన్నీ మరవకండి.

ఎస్‌క్యూలైట్ గురించి రెండు మాటలు చాలు. ఫైలు మొదట్లో 'డాట్ బెయిల్ ఆన్' పెట్టండి. ఫైలు పేరు తప్పుగా రాస్తే 'లేదు' అనదు, ఆ పేరుతో కొత్త ఖాళీ డేటాబేస్ తయారుచేస్తుంది. తెరిచే ముందు ఫైలు ఉందో లేదో షెల్‌లోనే చూసుకోండి.

పాస్‌వర్డు ఎక్కడ పెట్టాలి

కమాండ్ లైన్‌లో మాత్రం వద్దు. లినక్స్‌లో ప్రాసెస్‌ల జాబితా చూడగలిగిన ఎవరికైనా ఆ లైను మామూలుగా కనబడుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కొంత మేలు, దాన్ని ఆ యూజరు, రూట్ తప్ప ఇతరులు చదవలేరు. కానీ అది పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ సంక్రమిస్తుంది. డీబగ్ లాగ్‌లలో అచ్చయ్యేదీ అదే.

పోస్ట్‌గ్రెస్‌కు హోమ్ డైరెక్టరీలో 'డాట్ పీజీపాస్' ఫైలు ఉంది. సర్వరు, పోర్టు, డేటాబేస్, యూజరు, పాస్‌వర్డు, ఈ వరుసలో కోలన్లతో ఒక్కో లైను. అనుమతులు 0600 ఉండాలి. అంతకంటే వదులుగా ఉంటే ఒక హెచ్చరిక ఇచ్చి ఆ ఫైలును పక్కన పెట్టేస్తుంది. 'నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పాస్‌వర్డు అడుగుతోంది' అన్నప్పుడు నేను మొదట చూసేది ఆ అనుమతులనే. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చినప్పుడు తరచూ మారిపోతాయి. మైఎస్‌క్యూఎల్‌కు సొంత ఆప్షన్ ఫైలు రాసి 'డిఫాల్ట్స్ ఎక్స్‌ట్రా ఫైల్' ఆప్షన్‌తో ఇవ్వవచ్చు, అయితే అది కమాండ్‌లో మొట్టమొదటి ఆప్షన్‌గానే ఉండాలి. 5.6 నుంచి మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఎడిటర్ కూడా ఉంది. అది పాస్‌వర్డును మరుగుపరిచి దాస్తుంది. గుర్తుంచుకోండి, మరుగుపరచడమే, తాళం వేయడం కాదు, పట్టుబట్టినవాడు విప్పగలడు. ఆరకిల్‌కు పాస్‌వర్డులు దాచే వాలెట్ ఉంది. అది అందుబాటులో లేకపోతే ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ను 'స్లాష్ నోలాగ్'తో తెరిచి, కనెక్ట్ లైనును ఇన్‌పుట్ ద్వారా పంపండి.

వీలైతే అసలు పాస్‌వర్డే లేకుండా చూడండి. అదే మెషీన్ మీద నడిచే పనికి పోస్ట్‌గ్రెస్‌లో పీర్ పద్ధతి, ఆరకిల్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లాగిన్, మైఎస్‌క్యూఎల్‌లో సాకెట్ ప్లగిన్ ఉన్నాయి. దాచవలసింది లేనప్పుడు దొంగిలించేదీ ఉండదు.

వేరే దారి లేనప్పుడు: ఎక్స్‌పెక్ట్

ఆప్షన్ లేదు, ఫైలు లేదు, టూల్ టెర్మినల్‌తోనే మాట్లాడతానంటుంది. అప్పుడు ఎక్స్‌పెక్ట్. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన డాన్ లీబ్స్ దీన్ని 1990లో బయటికి తెచ్చారు. టీసీఎల్ భాష మీద కట్టిన టూల్ ఇది. పైథాన్‌లో అదే ఆలోచన పీఎక్స్‌పెక్ట్‌గా దొరుకుతుంది. ఇది ఒక నకిలీ టెర్మినల్‌ను సృష్టించి, టూల్‌ను అందులో నడుపుతుంది. 'స్పాన్' మొదలుపెడుతుంది, 'ఎక్స్‌పెక్ట్' ఫలానా మాట కనబడేదాకా కాచుకుంటుంది, 'సెండ్' టైపు చేస్తుంది, 'ఇంటరాక్ట్' కీబోర్డును తిరిగి మనిషి చేతికిస్తుంది. ఈ నాలుగింటితోనే చాలా పని నడిచిపోతుంది. ఇబ్బందంతా వాటి అంచుల దగ్గర.

అన్నిటికంటే ప్రమాదకరమైనది టైమౌట్. ఎక్స్‌పెక్ట్ మామూలుగా 10 సెకన్లు కాచుకుంటుంది; పీఎక్స్‌పెక్ట్ అయితే 30. ఆలోగా ఎదురుచూసిన మాట రాకపోతే పీఎక్స్‌పెక్ట్ ఎర్రర్ లేపుతుంది. ఎక్స్‌పెక్ట్ మాత్రం ఏమీ జరగనట్టు తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. అంటే ఇంకా అడగని ప్రశ్నకు జవాబు టైపు చేస్తుంది. ఆ జవాబు తర్వాత వచ్చే వేరే ప్రశ్నకు తగులుతుంది. కాబట్టి ప్రతి ఎక్స్‌పెక్ట్ దగ్గరా మూడు శాఖలు రాయండి: కావలసిన మాట వస్తే ఏమి చేయాలి, టైమౌట్ అయితే ఏమి చేయాలి, టూల్ మధ్యలో చచ్చిపోతే, అంటే 'ఈఓఎఫ్' వస్తే, ఏమి చేయాలి. చివరి రెండింటికీ సందేశం ఇచ్చి, సున్నా కాని కోడ్‌తో బయటపడటమే సరైన పని. ఇది ఒక్కటి చేసినా సగం ప్రమాదాలు తప్పుతాయి.

ప్రశ్నలు మారతాయన్నదానికి మంచి ఉదాహరణ మైఎస్‌క్యూఎల్ సెక్యూర్ ఇన్‌స్టలేషన్. దీనికి ఎక్స్‌పెక్ట్ రాసినవాళ్లు లెక్కలేనంత మంది. మైఎస్‌క్యూఎల్ కొత్త వెర్షన్లలో పాస్‌వర్డు బలం చూసే అంశం గురించి ముందుగా ఒక ప్రశ్న వస్తుంది. మరియాడీబీలో 10.4 నుంచి సాకెట్ లాగిన్ గురించి ఇంకో ప్రశ్న చేరింది. ఒకదానికి రాసిన జవాబుల వరుస రెండోదానిలో ఒక అడుగు పక్కకు జరిగి పడుతుంది. తమాషా ఏమిటంటే, ఆ యుటిలిటీ చేసే పని అంతా కలిపి కొన్ని ఎస్‌క్యూఎల్ వాక్యాలే: పేరు లేని యూజర్లను తీసేయడం, రూట్ బయటి నుంచి రాకుండా చేయడం, టెస్ట్ డేటాబేస్ తొలగించడం, అనుమతులను తిరిగి చదివించడం. నేరుగా వాటినే రాసుకుంటే ప్రశ్నలే ఉండవు.

ఇక నకిలీ టెర్మినల్ వల్ల వచ్చే చిక్కులు. టూల్‌కు తాను నిజమైన టెర్మినల్‌లో ఉన్నానన్న భ్రమ కలుగుతుంది కదా, అందువల్ల అది మనిషికి చేసే మర్యాదలన్నీ చేస్తుంది. పీఎస్‌క్యూఎల్‌ను ఇలా నడిపి ఒక పొడవైన టేబుల్ చూపించమనండి. ఫలితం తెర పట్టనంత ఉంటే పేజర్ (ఒక్కో పేజీ చూపించి ఆగే టూల్) తెరుచుకుంటుంది, కింద ఒక కోలన్ పెట్టి ఎదురుచూస్తుంది. మీ స్క్రిప్టు పీఎస్‌క్యూఎల్ ప్రాంప్టు కోసం చూస్తుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు. పరీక్షలో పది వరుసలే ఉంటాయి కాబట్టి ఇది బయటపడదు, అసలు సర్వరు మీదే బయటపడుతుంది. పెద్ద పీతో పేజర్=ఆఫ్ ఇవ్వండి. అలాగే చిన్న ఎన్ ఇచ్చి రీడ్‌లైన్‌ను (టైపు చేసేదాన్ని దిద్దే, పూర్తిచేసే సౌకర్యాన్ని) ఆపండి. లేకపోతే మీరు పంపే డేటాలో ట్యాబ్ ఉంటే టూల్ దాన్ని 'మాట పూర్తి చేయమంటున్నాడు' అనుకుంటుంది. ఎల్‌సీ_ఆల్ వేరియబుల్‌కు 'సీ' అని విలువ ఇచ్చి నడపండి. వేరే భాషలో అమర్చిన మెషీన్ మీద పాస్‌వర్డు ప్రశ్న ఆ భాషలో వస్తే మీ స్క్రిప్టు గుర్తుపట్టదు.

ప్రాంప్టు కూడా స్థిరమైనది కాదు. సూపర్‌యూజరైతే =#, మామూలు యూజరైతే =>, వాక్యం మధ్యలో ఉంటే -#, ట్రాన్సాక్షన్‌లో ఉంటే మధ్యలో ఒక నక్షత్రం. వీటన్నిటికీ సరిపోయే నమూనా రాయడం కన్నా, ప్రాంప్ట్1 వేరియబుల్‌కు డేటాలో ఎక్కడా రాని సొంత గుర్తు ఒకటి పెట్టి దానికోసం చూడండి. మీరు పంపినది కూడా తిరిగి తెర మీద కనబడుతుందని మరవకండి. 'సెలెక్ట్ పూర్తి' అని పంపి 'పూర్తి' కోసం కాచుకుంటే, మీ మాట ప్రతిధ్వనికే స్క్రిప్టు సంతోషపడి ముందుకు పోతుంది. గుర్తును రెండు ముక్కలుగా పంపి సర్వరు చేత అతికించండి. అతికిన రూపం జవాబులోనే వస్తుంది.

మిగిలినవి త్వరగా: ఎంటర్ కోసం బ్యాక్‌స్లాష్ ఎన్ కాదు, బ్యాక్‌స్లాష్ ఆర్ పంపాలి. చివర్లో ఈఓఎఫ్ కోసం చూసి 'వెయిట్' పిలిస్తే నాలుగు అంశాల జాబితా వస్తుంది, నాలుగోది టూల్ ఎగ్జిట్ కోడ్. దాన్నే మీ స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్‌గా పంపండి. ఎక్కడ తప్పుతోందో తెలియకపోతే 'ఎక్స్‌పీ_ఇంటర్నల్ 1' పెట్టండి. వచ్చిన ప్రతి అక్షరాన్నీ దేనితో పోల్చి చూసిందో చెబుతుంది. పాస్‌వర్డు పంపే చోట 'లాగ్_యూజర్ 0'. ఆటోఎక్స్‌పెక్ట్ అనే తోడు టూల్ మీ సెషన్‌ను చూసి స్క్రిప్టు తయారుచేస్తుంది గానీ, ఆనాటి తేదీతో సహా అన్నిటికోసం అక్షరం పొల్లుపోకుండా ఎదురుచూస్తుంది. దాన్ని ముసాయిదాగా వాడుకోండి, అంతే.

మీ స్క్రిప్టే అడగవలసినప్పుడు

ఇప్పుడు రెండో వైపు. పాత సెషన్లను తొలగించే చిన్న టూల్ రాస్తున్నారనుకోండి. అసలు తీసేసే ముందు ఎన్ని వరుసలు పోతున్నాయో చూపించి, మనిషిని అడగాలి. దీనికి షెల్ కూడా అక్కరలేదు, పీఎస్‌క్యూఎల్ ఒక్కటే చాలు. ఫైలు ఇలా ఉంటుంది:

\సెట్ ఆన్_ఎర్రర్_స్టాప్ ఆన్
బిగిన్;
సెట్ లోకల్ లాక్_టైమౌట్ = '5ఎస్';
సెట్ లోకల్ ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ = '60ఎస్';
డిలీట్ ఫ్రమ్ సెషన్స్ వేర్ గడువు < నౌ() - ఇంటర్వల్ '90 డేస్';
\ఎకో తొలగిపోయే వరుసలు :రో_కౌంట్
\ప్రాంప్ట్ 'డేటాబేస్ పేరు టైపు చేయండి: ' పేరు
సెలెక్ట్ :'పేరు' = కరెంట్_డేటాబేస్() యాజ్ సరే \జీసెట్
\ఇఫ్ :సరే
కమిట్;
\ఎల్స్
రోల్‌బ్యాక్;
\ఎండిఫ్

(గడువు, పేరు, సరే అన్నవాటిని నిజంగానే తెలుగులో ఉంచుకున్నా పోస్ట్‌గ్రెస్ ఏమీ అనదు. మిగతావి ఇంగ్లీషులోనే.)

లైను లైనుకూ ఒక కారణం ఉంది. ముందు విడిగా లెక్కపెట్టి, అడిగి, ఆ తర్వాత తీసేస్తే, చూపిన సంఖ్య ఒకటి, పోయిన సంఖ్య ఒకటి కావచ్చు. అందుకే తీసేసి, ఆ సంఖ్యనే చూపించి, కమిట్‌కు మాత్రం అనుమతి అడుగుతున్నాం. రో_కౌంట్ 11 నుంచి ఉంది, ఇఫ్ 10 నుంచి, జీసెట్ 9.3 నుంచి. ఇఫ్‌కు అర్థం కాని విలువ అందితే హెచ్చరించి, దాన్ని 'కాదు' కింద లెక్కవేస్తుంది. కనెక్షన్ తెగినా, కంట్రోల్ సీ కొట్టి బయటపడినా జరిగేది రోల్‌బ్యాకే. ఏది చెడినా మార్పు లేని వైపే పడుతుంది. 'వై' గానీ 'ఎన్' గానీ కొట్టమని అడగకపోవడానికి కారణం మీకు తెలిసిందే: పదోసారికి వేలు కంటి కోసం ఆగదు. పేరు టైపు చేయాలంటే ఒకసారి చదవాలి.

అయితే ఇందులో ఒక లోపం కావాలనే వదిలాను. పరీక్ష సర్వరులోనూ, అసలు సర్వరులోనూ డేటాబేస్ పేరు ఒకటే అయితే ఈ ప్రశ్న ఎవరినీ కాపాడదు. దానికి విరుగుడుగా క్లస్టర్_నేమ్ అనే సెట్టింగును ప్రతి సర్వరులోనూ వేరువేరుగా పెట్టి, దాన్ని టైపు చేయించండి. అది 9.5 నుంచి ఉంది. కానీ దాని సహజ విలువ ఖాళీ. ఎవరూ పెట్టని సర్వరులో ఉత్త ఎంటర్ కొడితే ఖాళీ, ఖాళీ సమానమై కమిట్ అయిపోతుంది. కాబట్టి పోల్చే చోట 'ఖాళీ కాకూడదు' అన్న షరతు కూడా చేర్చండి.

ఆ రెండు టైమౌట్లు ఎందుకంటే, ప్రశ్న తెర మీద ఉన్నంతసేపూ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది, తీసేసిన వరుసల మీద తాళాలు పడే ఉంటాయి. అడిగించుకున్న మనిషి ఫోను వచ్చి లేచి వెళ్లిపోతే, ఆ వరుసల కోసం ఇంకెవరో నిలబడి ఉంటారు. 60 సెకన్లు దాటితే సర్వరే సెషన్‌ను తెంపేస్తుంది. లక్షల వరుసలు తీసేసే పనికి ఈ పద్ధతి తగదు. అక్కడ ముందే అడిగి, ఆ తర్వాత చిన్న చిన్న విడతలుగా తీసేయడం మేలు.

ఇంకొక సంగతి. ప్రాంప్ట్ కమాండ్ మామూలుగా టెర్మినల్ నుంచి చదువుతుంది గానీ, చిన్న ఎఫ్‌తో ఫైలు ఇచ్చినప్పుడు ఇన్‌పుట్ నుంచి చదువుతుంది. అంటే ఎవరైనా పైపులో జవాబు పంపగలరు. వద్దనుకుంటే పైన షెల్‌లో ఇన్‌పుట్ టెర్మినలేనా అన్న పరీక్ష పెట్టి, కాకపోతే నడవనని చెప్పించండి.

షెల్ వైపు

అడగడం షెల్‌లోనే చేస్తే 'రీడ్'కు చిన్న ఆర్ ఎప్పుడూ ఇవ్వండి, బ్యాక్‌స్లాష్‌లు పాడుకావు. పాస్‌వర్డుకు చిన్న ఎస్. గడువుకు చిన్న టీ. ఎస్‌టీటీవైతో మీరే ప్రతిధ్వని ఆపితే, కంట్రోల్ సీ కొట్టినప్పుడు దాన్ని తిరిగి పెట్టే 'ట్రాప్' తప్పనిసరి. లేదంటే టైపు చేసేది కనబడని టెర్మినల్ మిగులుతుంది.

సర్వర్ల జాబితాను 'వైల్ రీడ్'తో చదువుతూ లోపల ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) పిలిస్తే లూపు ఒక్కసారే తిరుగుతుంది, ఎర్రర్ కూడా రాదు. మిగిలిన జాబితానంతా ఎస్‌ఎస్‌హెచ్ తన ఇన్‌పుట్ అనుకుని మింగేస్తుంది. దానికి ఇన్‌పుట్‌గా డెవ్ నల్ ఇవ్వండి, లేదా చిన్న ఎన్ ఆప్షన్ వాడండి. అవుట్‌పుట్‌ను 'టీ' కమాండ్ ద్వారా లాగ్ ఫైలులోకి పంపేవారు ఇంకొకటి చూసుకోవాలి: పైపు మొత్తానికి ఎగ్జిట్ కోడ్ చివరి కమాండ్‌దే. పీఎస్‌క్యూఎల్ 3 ఇచ్చినా, 'టీ' 0 ఇస్తుంది, మీ జాగ్రత్తలన్నీ అక్కడితో సరి. బ్యాష్‌లో 'పైప్‌ఫెయిల్' పెట్టండి.

ఎదురుచూపుకు హద్దు పెట్టడానికి 'టైమౌట్' కమాండ్ ఉంది, సమయం మించితే 124 కోడ్ ఇస్తుంది. ప్రశ్నలు అడిగే టూల్‌ను దానితో నడపాలంటే ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే టూల్ టెర్మినల్‌ను చదవలేదు. ఒకే పని రెండుసార్లు మొదలవకుండా ఒకే మెషీన్‌లోనైతే 'ఎఫ్‌లాక్' చాలు. ఇద్దరు వేరువేరు మెషీన్ల నుంచి నడపగలిగేదైతే తాళం డేటాబేస్‌లోనే ఉండాలి: పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాక్, మైఎస్‌క్యూఎల్‌లో గెట్_లాక్. సెషన్ పోతే రెండూ వాటంతట అవే విడిపోతాయి.

చివరగా, అంతా రాశాక టూల్‌ను నాలుగు రకాలుగా ఇబ్బంది పెట్టండి. తప్పు పేరు టైపు చేయండి. ప్రశ్న దగ్గర కంట్రోల్ సీ కొట్టండి. పని మధ్యలో సర్వరు వైపు నుంచి కనెక్షన్ తెంపండి. ప్రతిసారీ ఎగ్జిట్ కోడ్ చూడండి, వరుసలు లెక్కపెట్టండి. నాలుగోసారి ప్రశ్న తెర మీద ఉండగా ఏమీ చేయకుండా వదిలేసి, ఇంకో టెర్మినల్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ చూస్తూ ఉండండి. మీ సెషన్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని కనబడుతుంది. అరవయ్యో సెకను దాటాక ఆ వరుస జాబితాలోంచి మాయమైతే టూల్ సిద్ధమైనట్టే.